బొటనవేలి కింద ఆరు ఇరవై

పొద్దు 214

గది వెచ్చదనం పంతొమ్మిది. దుమ్ము మామూలే. సరిచూసుకునే ఉక్కు దిమ్మ మీద గేజి ఆరు ఇరవై చూపించింది, సరిగ్గా ఉంది. కొలతగది దినచర్య పుస్తకంలో రాయవలసింది ఇంతే. కానీ ఇవాళ నాకు ఒళ్ళు మండిపోతోంది, ఇంతటితో ఆపను.

నిన్న మంచుగనికి పోయిన గౌరినాయుడి హెల్మెట్ మెడ దగ్గర పట్టు వదిలేసింది. ఊళ్ళోకి వచ్చే గొట్టం తలుపు పది అడుగుల దూరంలో ఉండబట్టి బతికాడు. రెండు చెవుల్లోంచీ నెత్తురు కారింది, ఎడమ కన్ను ఇంకా తెరవలేదు. హెల్మెట్టుకీ సూటుకీ మధ్య వేసే రబ్బరు రింగు మందంగా ఉందట, ఆ చలికి కొక్కెం పూర్తిగా పడలేదట. ఆ రింగు పోసింది పైడిరత్నం. పదేళ్ళుగా మా ఊరి ప్రెస్సు మీద రబ్బరు పోస్తున్న మనిషి. పోయి అచ్చు విప్పి చూస్తే ఏడు పాయింట్లు వదులు చేసి ఉంది. పాయింటంటే మిల్లీమీటరులో నూరో వంతు. రింగు మందం ఆరు ఇరవై, అంటే ఆరు మిల్లీమీటర్ల ఇరవై పాయింట్లు ఉండాలి, దానికి అటు అయిదు, ఇటు అయిదు దాకా మేము ఒప్పుకుంటాం. ఏడు ఒప్పుకోం.

ఎవర్ని అడిగి వదులు చేసింది? అంగారకుడి మీద ఒక గుంటలో, నెత్తిన గాజు కప్పు వేసుకుని మూడు వేలమందిమి బతుకుతున్నాం. గాలి మేము చేసుకున్నదే, నీళ్ళు మేము తవ్వుకున్నవే. ఇక్కడ ఇష్టం వచ్చినట్టు అచ్చు తిప్పడానికి ఇదేమన్నా పిల్లలాటా?

పంచాయితీ పొద్దు 231న పెట్టారు. తప్పు రుజువైతే రత్నం చెయ్యి కొట్టేస్తారు. అంటే నరకడం కాదు. యంత్రాలు మనిషిని గుర్తుపట్టేది అరచేతి గుర్తుతో, ఆ గుర్తు చెరిపేస్తారు. ఆ తరవాత ఆమె జన్మంతా నాచుమడుల్లో మోకాలి లోతు నీళ్ళలో నాచు కోసుకుంటూ బతకాలి, ఏ ప్రెస్సూ ఆమెకి మళ్ళీ తెరుచుకోదు. కొట్టెయ్యాల్సిందే అని నేనూ అన్నాను. తిండిశాలలో అందరూ వింటుండగా అన్నాను.

పొద్దు 216

దిమ్మ మీద ఆరు ఇరవై. రింగులు నలభై కొలిచాం.

మా గదిలో ముగ్గురం. మొదటి చెయ్యి తవిటయ్య మామ, డెబ్బయ్యేళ్ళవాడు, భూమి నుంచి వచ్చిన రెండో ఓడలో పుట్టాడు. రెండో చెయ్యి నేను, దాలమ్మని. మూడో చెయ్యి గంగరాజు. కాంతితో కొలిచే కంటి యంత్రాలు దుమ్ము తిని పోయాక ఈ డయల్ గేజి ఒక్కటే మిగిలింది. రింగుని బల్ల మీద పెట్టి, గేజి పాదాన్ని దాని మీదికి దించి, ముల్లు ఎక్కడ ఆగిందో చూడడమే పని. పాదాన్ని దించే స్ప్రింగు అలిసిపోయి ఆరేళ్ళయింది. అందుకని బొటనవేలితో దించుతాం.

పెద్దచెయ్యి ముందు కొలుస్తుంది, పైకి చెబుతుంది. ఇది మా ఊరి మర్యాద, ఏ గదిలోనైనా ఇంతే. మామ "ఆరు ఇరవై" అంటాడు. తరవాత నేను కొలిచి "ఆరు ఇరవై, మావా" అంటాను. తరవాత గంగరాజు. మూడూ కలిస్తే ముద్ర వేస్తాం. నా పదకొండేళ్ళలో మూడూ కలవని రోజు లేదు.

మధ్యాహ్నం పనయ్యే వేళకి రత్నం తలుపు దగ్గరికి వచ్చింది. లోపలికి రానివ్వలేదు నేను. చేతిలో చీటీల కట్ట పట్టుకుని గడప అవతలే నిలబడింది.

"దాలప్పా, పొద్దు తొంబై కాడి నుంచి మీ గది పంపిన సీటీలివి. నలబై మూడున్నాయి. అన్నిట్లోనూ ఏడు పాయింట్లు సన్నం, ఏడు పాయింట్లు సన్నం అనే రాసున్నాది. సన్నమంటే అచ్చు వదులు సెయ్యాల గదా. ఆకరికి సేసినాను."

రింగులు సన్నగా వచ్చాయి కాబట్టే సన్నం అని రాశామన్నాను. తొంభైకి ముందు అదే అచ్చు, అదే రబ్బరు, అదే వేడి అంది. ఇనపచ్చు ఇసుమంత కూడా మారకుండా రింగు ఏడు పాయింట్లు ఎలా సన్నబడుతుందో చెప్పమంది. నాకేం తెలుసు, ప్రెస్సు నీది, నువ్వే చెప్పు అన్నాను. తలుపు వేసేశాను. తలుపు వేశాక కూడా అవతల చాలాసేపు నిలబడే ఉంది, తలుపు కింది గాజులోంచి కాళ్ళు కనబడ్డాయి.

పొద్దు 217

దిమ్మ మీద ఆరు ఇరవై.

రత్నం అడిగిన మాట బుర్ర తొలిచేస్తోంది. అచ్చు మారలేదు. రబ్బరు మారలేదు. మరి మారిందేమిటి?

గేజి బాగానే ఉంది, రోజూ ఉక్కు దిమ్మ మీద చూస్తున్నాం కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. కాసేపటికి ఆ దిమ్మ దగ్గరే ఆగిపోయాను. ఉక్కుని ఏనుగు తొక్కినా అది ఆరు ఇరవయ్యే. రబ్బరు అలా కాదు, ఎంత నొక్కితే అంత దిగుతుంది. రోజూ పొద్దున్నే నొక్కుడుపడని దాన్ని కొలిచి గేజి బాగుందనుకుంటున్నాం, తరవాత రోజంతా నొక్కుడుపడేదాన్ని కొలుస్తున్నాం. ఇంత చిన్న సంగతి ఇన్నాళ్ళూ తట్టనందుకు నన్ను నేనే చెంపలు వాయించుకోవాలి.

కొట్టు గదిలో పాత పుస్తకం తీసి ఆ స్ప్రింగు కొత్తలో ఎంత బరువుతో నొక్కేదో చూశాను. ఆ బరువుకి సరిపడా ఒక ఇనప నట్టు వెతికి, గేజి పాదానికి వేలాడదీశాను. వేలు పెట్టకుండా వదిలేశాను. ముద్ర పడిన రింగు, నిన్న ముగ్గురం ఆరు ఇరవై అన్న రింగు, ఆరు ఇరవై ఏడు చూపించింది. ఇంకోటి పెట్టాను. ఆరు ఇరవై ఏడు. ఇంకోటి ఆరు ఇరవై ఆరు. ముద్ర వేసి బీరువాలో పెట్టినవన్నీ మందం రింగులే.

అప్పుడు తవిటయ్య మామ బొటనవేలు గుర్తొచ్చింది. ఎనభై అయిదో పొద్దున మామ గొట్టం తలుపు దగ్గర తొడుగు లేకుండా కడ్డీ పట్టుకున్నాడు, వేలు చలికి కాలిపోయింది. పుండు మానింది గాని అందులో స్పర్శ రాలేదు. ఎంత నొక్కుతున్నాడో ఆయనకి తెలియడం లేదు. రత్నం మంచి రింగులు పోస్తే మామ వేలు వాటిని ఏడు పాయింట్లు నొక్కేసింది. సన్నం అని మేము చీటీ రాశాం. ఆమె వదులు చేసింది. అప్పుడు మందం రింగులు మాకు సరిగ్గా కనబడ్డాయి, ముద్ర వేసి గౌరినాయుడి మెడకి తగిలించాం.

బీరువా తలుపు దబాలున వేశాను. కోపంతోనే.

పొద్దు 219

పై అధికారి జోగారావు గారి దగ్గరికి వెళ్ళాను. బీరువాలో రింగులు ఆపించాడు, అంతవరకు మేలు. కొలతగదికి పరీక్ష పెట్టాలన్నాను. ఎవరు ఏం చదివారో రెండోవాడికి తెలియకుండా, ఏ రింగు ఏదో ఎవరికీ తెలియకుండా, ముగ్గురం విడివిడిగా కొలవాలన్నాను.

ఆయన గోడ మీద పటం చూపించాడు. ఏటా మేము చేసే పరీక్ష ఫలితం అది. పది రింగులు, ముగ్గురు మనుషులు, ఒక్కొక్కరు మూడేసిసార్లు. తొంభై కొలతలు. కింద పెద్ద అక్షరాలతో, తేడా సున్నా. మిగతా గుంటల వాళ్ళు ఈ పటం చూడ్డానికి వస్తారు, మేం దాని పక్కన నిలబడి బొమ్మలు తీయించుకుంటాం.

నేను ఆ సున్నా వంక చూస్తూ ఉండిపోయాను. రబ్బరు ముక్కని మూడు చేతులు తొంభైసార్లు నొక్కితే ఒక్క పాయింటు తేడా రాలేదా? ఒకే మనిషి ఒకే రింగుని రెండుసార్లు కొలిస్తేనే ముల్లు ఒకచోట ఆగదు. సున్నా చూసి సంబరపడ్డామే, సిగ్గులేని వాళ్ళం, ఆ సున్నా చూసినరోజే భయపడి చావాల్సింది.

ఆయనకి అదే చెప్పాను, ఇంకాస్త మర్యాదగా. ఆయన కళ్ళెర్ర చేశాడు.

"పెద్దచేతికి పరీక్ష పెడతావా దాలమ్మా? రేపు ఊళ్ళో ఎవడు ఎవడి మాట వింటాడు?"

గౌరినాయుడి కన్ను సంగతేమిటని అడిగాను. దానికి రత్నం జవాబు చెబుతుందన్నాడు. అనుమతి లేదు పొమ్మన్నాడు. బయటికి వచ్చి గోడని కాలితో తన్నాను. వేలు వాచింది.

పొద్దు 222

అనుమతి ఎవరు అడిగారు? నేరుగా తవిటయ్య మామ దగ్గరికే వెళ్ళాను. ఆయన కుంచెతో కిటికీ దుమ్ము దులుపుతున్నాడు. రెండు రోజులు దాటవేశాక ఇవాళ నాకు నోరు పెగిలింది. వేలి సంగతి మాత్రం చెప్పలేదు, చెప్పడానికి మనసొప్పలేదు. ముగ్గురం చాటుగా కొలుద్దాం మామా అన్నాను, అంతే. బాధపడతాడనుకున్నాను. "నాకేటి భయం, పెట్టు పరీచ్చ" అన్నాడు.

రేపు పొద్దున జోగారావు గారు నీటిగదుల తనిఖీకి పోతారు. అప్పుడు చేస్తాం. మామ అంకెలు ఎక్కడెక్కడో పడతాయి, అది చూసి ఆయన నొచ్చుకోకుండా ఎలా చెప్పాలా అని ఇప్పటి నుంచే మాటలు వెతుక్కుంటున్నాను. నా కొలతల గురించి నాకు బెంగ లేదు.

పొద్దు 223

దిమ్మ మీద ఆరు ఇరవై.

పది రింగుల అడుగున గంగరాజు గుర్తులు పెట్టాడు. మేము కొలిచేటప్పుడు అతను కలగలిపి ఒక్కొక్కటీ అందించాడు. అతను కొలిచేటప్పుడు నేను అందించాను. ఒక్కొక్కరం గదిలోకి వెళ్ళి, కొలిచి, చీటీ మీద రాసి, బోర్లా పెట్టి రావాలి. నోరెత్తకూడదు.

మామ ముందు వెళ్ళివచ్చాడు. తరవాత నేను.

రింగు పెట్టాను. బొటనవేలితో పాదం దించాను. ముల్లు కదులుతూ ఉంది. ఇంకొంచెం నొక్కాను, ఇంకొంచెం దిగింది. కొంచెం వదిలాను, పైకి వచ్చింది. ఎక్కడ ఆపాలో నాకు తెలియలేదు.

రాస్తున్నాను, ఎవరైనా చదవనీ. నాకు ఎక్కడ ఆపాలో తెలియలేదు. ఎందుకంటే రోజూ నేను ఆపేది మామ చెప్పిన అంకె దగ్గర. ఆయన ఆరు ఇరవై అంటాడు, నా ముల్లు ఆరు ఇరవై మూడు మీదుంటే సరిగ్గా పెట్టలేదేమో అనుకుని ఇంకాస్త నొక్కుతాను, ఆరు ఇరవై వస్తుంది, హమ్మయ్య అనుకుంటాను. రబ్బరు కదా, వస్తుంది. స్ప్రింగు పోయిన ఆరేళ్ళూ అలాగే చేశాను. తొంభయ్యో పొద్దు నుంచి ఇంకా గట్టిగా నొక్కాల్సి వస్తోందని నా వేలికి తెలుసు. వేలికి తెలిసింది నాకు తెలియదని ఎవరికి చెప్పను? నలభై మూడు చీటీల మీదా సన్నం అని రాసింది నా చెయ్యి. ఆ చీటీలు పట్టుకుని గడప దగ్గర నిలబడ్డ మనిషి ముఖాన తలుపు వేసింది కూడా నేనే.

చీటీలు తిరగేశాం. నాలుగో రింగు, నట్టు వేలాడదీస్తే ఆరు ఇరవై ఏడు. తవిటయ్య మామ: ఆరు ఇరవై, ఆరు ఇరవై, ఆరు పంతొమ్మిది. గంగరాజు: ఆరు పదిహేను, ఆరు ఇరవై అయిదు, ఆరు ఇరవై. దాలమ్మ: ఆరు ఇరవై ఆరు, ఆరు పదిహేడు, ఆరు ఇరవై మూడు.

మిగతా తొమ్మిదింటిలోనూ ఇదే వరస. మామ ఏడు పాయింట్లు కిందికి చదివాడు, కానీ ప్రతిసారీ అంతే చదివాడు. ఆయన కొలిచాడు. గంగరాజు, నేను ఎన్నడూ కొలవనేలేదు. ఎక్కడెక్కడో పడ్డ అంకెలు నావి. నిన్న ఆయన మీద జాలిపడ్డానే, అది తలుచుకుంటే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు.

గంగరాజు తల వంచుకుని కూర్చున్నాడు. నువ్వూ అంతేనా అని అడిగాను. అంతేనన్నాడు. మామ అర్థం కానట్టు మా ఇద్దరి వంకా చూశాడు. పని ఉందని చెప్పి బయటికి వచ్చేశాను.

పొద్దు 228

జోగారావు గారికి తెలిసిపోయింది. తిడతాడనుకుంటే కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇచ్చాడు. ఈ ఊళ్ళో ఊరికే నీళ్ళిచ్చారంటే ఏదో ఉందన్నమాట. పంచాయితీలో స్ప్రింగు పాడైందని చెబుదామన్నాడు. ఎవరి తప్పూ లేదు, యంత్రం తప్పు. పటం గోడ మీదే ఉంటుంది, మామ పరువు దక్కుతుంది, నా చెయ్యి దక్కుతుంది. అడక్కుండా అచ్చు తిప్పినందుకు రత్నానికి జన్మంతా కాకుండా మూడేళ్ళు నాచుమడులు వేయిస్తానన్నాడు. మేలు చేస్తున్నట్టు చెప్పాడు.

అడక్కుండా తిప్పడమేమిటి, తిప్పమని నలభై మూడుసార్లు మేము రాసిచ్చాం కదా అన్నాను. నా గొంతు పక్కగదిలోకి వినబడింది. ఆయన నీళ్ళు నమిలాడు. స్ప్రింగు ఆరేళ్ళ కింద పోయింది, తప్పుడు చీటీలు వచ్చింది తొంభయ్యో పొద్దు నుంచి, మధ్యలో అయిదేళ్ళు ఆ స్ప్రింగు ఎక్కడికి పోయిందని అడుగుతారు, అప్పుడేం చెబుతారు అన్నాను. ఎవరూ అడగరన్నాడు. నిజమే. ఈ ఊళ్ళో ఎవరూ అడగరు. మర్యాద కదా!

గ్లాసు అక్కడే పెట్టేసి వచ్చాను. తాగలేదు.

పొద్దు 231

పంచాయితీలో ముగ్గురు పెద్దలు కూర్చున్నారు. ఊరంతా వచ్చింది. గౌరినాయుడు కంటికి కట్టుతో ముందు వరసలో కూర్చున్నాడు. రత్నం ఒంటరిగా బల్ల దగ్గర నిలబడింది, చీటీల కట్ట ముందు పెట్టుకుంది. తవిటయ్య మామని పెద్దచెయ్యి కాబట్టి కుర్చీ వేసి కూర్చోబెట్టారు.

జోగారావు గారు స్ప్రింగు కథ మొదలుపెట్టాడు. నేను లేచాను. పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే అడ్డం వెళ్ళడం నా జన్మలో ఇదే మొదలు. బల్ల దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను.

"ఆ సీటీలు నావి. ముల్లు ఎక్కడుందో నాను సూసినాను. మావ సెప్పిన అంకె కాడికి వొచ్చేదాకా నొక్కినాను. రోజూ అలాగే నొక్కినాను. రత్నం మేం సెప్పినట్టే సేసినాది, ఆవిడ తప్పు ఏటీ నేదు."

నట్టు వేలాడదీసిన గేజి ముందు పెట్టి, పది రింగులూ వాళ్ళ చేతే కొలిపించాను. మా చాటు పరీక్ష చీటీలు పక్కన పరిచాను. మామ వేలి సంగతి అప్పుడు చెప్పక తప్పలేదు. ఆయన వైపు చూడకుండా చెప్పాను.

మామ కుర్చీలోంచి లేచాడు. కోపం వస్తుందనుకున్నాను. బొటనవేలిని రెండో చేత్తో పట్టుకుని చూసుకున్నాడు.

"నా ఏలు సచ్చిపోనాదని నాకెలాగ తెలుస్తాదే అమ్మీ? నీ ముల్లు నా ముల్లు కాడ నిలబడనేదని నువ్వు ఒక్క మాట సెప్పుంటే నానే తప్పుకుందును గదా. నాకు మర్యాద సేసినాననుకున్నావేటి?"

ఆయన ఆరేళ్ళుగా తన పక్కన ఇద్దరు మనుషులు కొలుస్తున్నారనుకున్నాడు. ఎవరూ లేరు.

తీర్పు రాస్తున్నాను. రత్నం తప్పు లేదు, రేపటి నుంచి ప్రెస్సు ఆమెదే. ముద్ర పడిన పాత రింగులన్నీ కరిగించాలి. పటం గోడ మీంచి దింపాలి. ఇక మీదట రింగు పోసిన మనిషి ముందు కొలిచి చీటీ బోర్లా పెట్టాలి, తరవాత కొలతగది కొలవాలి, రెండూ రాయాలి. తవిటయ్య మామకి తప్పు వెయ్యలేదు, ఆయనే తప్పుకున్నాడు. గంగరాజుకి ఏడాది నాచుమడులు. నాకు మూడేళ్ళు నాచుమడులు, చెయ్యి కొట్టివేత. చీటీలు రాసింది నేను కాబట్టి.

ఎక్కువ వేశారని నేను అనడం లేదు.

పొద్దు 233

గది వెచ్చదనం పంతొమ్మిది. ఈ గదిలో ఇదే నా ఆఖరి రోజు, రేపు అరచేతి గుర్తు చెరిపేస్తారు. కొత్తగా వచ్చేవాళ్ళకి గేజి ఒప్పజెప్పే ముందు ఇవాళ్టి రింగులు నేనే చూడాలన్నారు.

రత్నం మొదటి రింగు తెచ్చింది. అచ్చు మళ్ళీ పాతచోటికి బిగించింది. ఎంతకని నేను అడగలేదు. నట్టు వేలాడదీసి తను కొలిచింది, చీటీ రాసి బోర్లా పెట్టింది. నన్ను చూడలేదు.

నేను రింగు పెట్టి పాదం వదిలాను. చెయ్యి వెనక్కి తీసుకోవడానికే కష్టపడ్డాను, బొటనవేలు దానంతటదే ముందుకు పోతోంది. చేతులు వెనక్కి కట్టుకున్నాను. ముల్లు ఆగింది. నా చీటీ మీద ఆరు ఇరవై రెండు అని రాశాను.

ఆమె తన చీటీ తిరగేసింది. ఆరు ఇరవై.

రెండు పాయింట్లు తేడా. ఒప్పుకునే హద్దులోనే ఉంది, రింగు ఒకచోట ఉన్న మందం ఇంకోచోట ఉండదు, ఇది మామూలే. అయినా నాది కొట్టేసి ఆరు ఇరవై వేద్దామని చెయ్యి కలం మీదికి పోయింది. ఇంత జరిగాక కూడా పోయింది!

రత్నం నా చేతి కింద నుంచి చీటీ లాగేసుకుంది.

"ఉంచండి, దాలమ్మ గారూ. మీది మీదే, నాది నాదే."

పదేళ్ళుగా నన్ను అక్క వరసతో దాలప్పా అనే పిలిచేది. పుస్తకంలో ఇద్దరివీ పక్కపక్కన తనే రాసింది, రాసి రెండో రింగు నా ముందు పెట్టింది.